పక్షుల ఛాయాచిత్రములు: కటకము, కెమెరాల ఎంపిక



ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లలకు సంధులును సమాసములును నేర్పి విరమించినవాడను. కెమెరాలను గూర్చి ప్రసంగించుటకు ఇతనికేమి యధికారమని మీకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. నా యధికారము శాస్త్రాధ్యయనమువలన వచ్చినది కాదు. నేను చేసిన యొక తప్పువలన వచ్చినది. ముందుగా ఆ తప్పును విన్నవించుకొని, పిమ్మట దానివలన నేర్చుకొన్న విషయమును చెప్పెదను.

నేను ఉద్యోగము విరమించిన యేట నా మనుమడు నాకొక కెమెరాను బహూకరించెను. దానితో వచ్చిన చిన్న కటకము పెండ్లి పందిళ్లకును, పసిపిల్లల బోసినవ్వులకును చాలినది. నాకు చిన్ననాటినుండి పక్షులయందు ప్రీతి మెండు. మా ప్రాంతమున నొక యూరి చెరువులో తుమ్మచెట్లపై శ్రావణమాసమున తెల్లకొంగలు గూళ్లు కట్టును. అచ్చటికి పోయితిని. గట్టుమీదినుండి తీసిన చిత్రములో కొంగ నువ్వుగింజంత కనబడెను. మరికొంత దగ్గరకు పోయిన చాలునని తలచి, మోకాలిలోతు నీటిలో దిగి చెట్లక్రిందికి చేరితిని. కొంగలన్నియు ఒక్కమారుగా లేచిపోయినవి. నేను యంత్రమునకు కన్ను ఆనించి సంబరపడుచుండగనే, కాకులు ఆ విడిచిన గూళ్లపై వాలి గ్రుడ్లను పొడిచి యెత్తుకొనిపోయినవి. గట్టున గొఱ్ఱెలు కాచుకొనుచున్న యొక వృద్ధుడు నన్ను చూచి, "పంతులుగారూ, తమరి బొమ్మ మాటేమో గాని, వాటి కాపురం కూలిపోయిందండీ" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దూరమున నిలిచి దగ్గరి చిత్రమును తీయుట యెట్లను ప్రశ్న నాకు ఆనాడు పుట్టినది. పట్టణములోని యొక దుకాణమున విచారింపగా, "మీ కెమెరాలోని సెన్సరు చిన్నది, పెద్ద సెన్సరు గల కెమెరాను కొనుడు" అని ఒక పెద్దమొత్తము చెప్పిరి. పింఛను సొమ్ముతో బ్రదుకువాడను గావున కొనుటకు ముందు లెక్క వేసి చూచితిని. ఆ లెక్కయే నన్ను రక్షించినది. అది మీరెఱిగిన త్రైరాశికమే.

ప్రతి కటకమునకును నాభ్యంతరమని యొక కొలత కలదు. దానిని మిల్లీమీటర్లలో కటకముపైననే ముద్రించియుందురు. పక్షి యెత్తును నాభ్యంతరముచే గుణించి, మనకును పక్షికిని గల దూరముచే భాగించినచో, కెమెరా లోపల పడు బింబము యొక్క యెత్తు వచ్చును. నా చిన్న కటకపు నాభ్యంతరము 55 మిల్లీమీటర్లు. ఇంచుమించు మీటరు పొడవుండు ఎఱ్ఱకాళ్ల కొంగ 50 మీటర్ల దూరమున నిలిచినచో, దాని బింబము 1.1 మిల్లీమీటరు మాత్రమే. 500 మిల్లీమీటర్ల కటకమును పెట్టినచో, అదే కొంగ, అదే దూరమున, 10 మిల్లీమీటర్లగును. ఇక 16 సెంటీమీటర్ల చిన్న లకుముకిపిట్ట 20 మీటర్ల దూరమున కూర్చున్నచో, ఈ పొడుగు కటకముతో సైతము బింబము 4 మిల్లీమీటర్లే, అనగా పెసరగింజంత. కావున పక్షిచిత్రములు కోరువాడు మొదట ఎన్నుకొనవలసినది కటకము, కెమెరా తరువాతిది. నాభ్యంతరము 400 మిల్లీమీటర్లకు తక్కువైనచో చిన్నపిట్టల యాశ వదలుకొనవలసినదే. 500, 600 ఐనచో మేలు.

ఇక సెన్సరు మాట. కటకము పంపిన బింబమును పట్టుకొను ఫలకమునకు సెన్సరని పేరు. పూర్వము ఈ పని ఫిల్ము చేసెడిది. 1925లో జర్మనీ దేశమున అమ్మకమునకు వచ్చిన లైకా కెమెరా, సినిమా ఫిల్మును వాడి, 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల యెత్తు గల చిత్రములను తీసెను. ఆ కొలతయే లోకమున స్థిరపడి, నేడు అంత సెన్సరును ఫుల్ ఫ్రేము అనుచున్నారు. అంతటి ఫలకమును దోషము లేకుండ తయారుచేయుట వ్యయసాధ్యమగుటచే, 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.7 మిల్లీమీటర్ల యెత్తు గల చిన్న ఫలకములును వాడుకలోనికి వచ్చినవి. 1999లో వచ్చిన నికాన్ డీ1 కెమెరాలోనిది ఇట్టి చిన్న ఫలకమే. దీనినే క్రాప్ సెన్సరు అందురు. క్రాప్ అనగా కత్తిరించుట. తలకు క్రాపు చేయించుకొంటిమి అనునపుడు మనము వాడు మాటయే ఇది.

ఈ చిన్న సెన్సరుతో "500 కటకము 750 అగును" అని అమ్మువారు చెప్పుదురు. ఈ మాటను జాగ్రత్తగా గ్రహింపవలెను. వాకిట నొక పెద్ద ముగ్గు వేసినారనుకొనుడు. దాని నడుమ నొక పద్మము కలదు. గుమ్మమునుండి చూచినచో ముగ్గంతయు కనబడును. చిన్న కిటికీనుండి చూచినచో నడిమి పద్మమే కనబడును. అంతమాత్రమున పద్మము పెరిగినదా? పెరుగలేదు. అటులనే కొంగ బింబము ఏ ఫలకముపైనను 10 మిల్లీమీటర్లే. చిన్న ఫలకము చుట్టునున్న ఆకాశమును, కొమ్మలను కత్తిరించి పారవేయును, అంతియే.

అట్లైన లాభమెక్కడ? నేతలో నున్నది. సెన్సరు యనునది సన్నని చుక్కలతో నేసిన బట్ట వంటిది. ఆ చుక్కలనే పిక్సెలులందురు. నా మనుమడిచ్చిన కెమెరాలో 240 లక్షల పిక్సెలులు 23.5 మిల్లీమీటర్ల ఫలకమున నేయబడినవి. అనగా పొడవున మిల్లీమీటరునకు 255 చొప్పున. అదే 240 లక్షల పిక్సెలులు 36 మిల్లీమీటర్ల పెద్ద ఫలకమున పరచినచో మిల్లీమీటరునకు 167 మాత్రమే. అది ముతకనేత, ఇది సన్ననేత. 10 మిల్లీమీటర్ల కొంగ బింబము సన్ననేతపై 2,550 చుక్కల యెత్తున పడును. ముతకనేతపై 1,670 చుక్కల యెత్తున పడును. ఈకయు ఈకయు వేరుగా తెలియుట ఈ చుక్కల సంఖ్యనుబట్టియే యుండును. 450 లక్షల పిక్సెలులు గల పెద్ద ఫలకములును కలవు. వానిలో నేత సన్ననిదే గాని, వాని వెల మనబోంట్లకు అందునది కాదు.

పెద్ద ఫలకమునకు గుణము లేదా యన్నచో, కలదు. వానలో చెంబును, గంగాళమును పెట్టినచో గంగాళమున నెక్కువ నీరు పట్టును. అట్లే పెద్ద ఫలకము ఎక్కువ వెలుతురును గ్రహించి, సంధ్యవేళ సైతము మచ్చలు లేని చిత్రమునిచ్చును. ఐతే ఆ గుణము, పక్షి ఫలకమునంతయు నిండినపుడే మనకు దక్కును. అట్లు నిండవలెనన్నచో రెండే మార్గములు. మొదటిది, 500కు బదులు 750 మిల్లీమీటర్ల కటకమును కొనుట. పొడుగును, వెలుతురును రెండును సమృద్ధిగా నిచ్చు పెద్ద కటకములు 3 కిలోలకు పైబడిన బరువును, పది లక్షల రూపాయలకు మించిన వెలయు గలవి. రెండవది, 50 మీటర్ల దూరమునుండి 33 మీటర్లకు జరుగుట. ఈ 17 మీటర్ల భేదమే నాడు నన్ను నీటిలోనికి దింపినది. ఆ వెలను నేను చెల్లింపలేదు, కొంగలు చెల్లించినవి.

లెక్క ముగిసిన పిమ్మట పాత కెమెరానే యుంచుకొని, 2015లో వెలువడిన నికాన్ 200–500 కటకమును, ఒకరు వాడి విడిచినదానిని, కొంటిని. దాని బరువు 2.3 కిలోలు. చంకన పసిబిడ్డ నెత్తుకొన్నట్లుండును గాని, గట్టున కూర్చుండి వాడుటకు కష్టము లేదు. అంత బరువు మోయలేనివారికి కానన్ ఆర్‌7 వంటి క్రాప్ సెన్సరు కెమెరాయును, ఆర్‌ఎఫ్ 100–400 కటకమును తగియుండును. 2022లో వచ్చిన యా కెమెరా పక్షి కంటిని తానే గుర్తించి దృష్టి నిలుపును. కెమెరా, కటకము రెండును కలిసి కిలోంబాతిక మాత్రమే. ఐతే ఆ కటకము చివరి పొడుగున ఎఫ్ 8 సంఖ్య కలది; నా కటకము ఎఫ్ 5.6. ఈ సంఖ్య పెరిగినకొలది వెలుతురు తగ్గును. 5.6 నుండి 8కి పోయినచో సరిగా సగమగును. బరువు తగ్గించుకొన్నవాడు ప్రొద్దెక్కువరకు ఓర్పు పట్టవలెను.

మఱి కొన్ని జాగ్రత్తలు. కటకమునకును కెమెరాకును నడుమ బిగించు టెలికన్వర్టరు అను బిళ్లలు దొరకును. 1.4 రెట్లు పొడిగించునది వెలుతురులో సగమును, రెండు రెట్లు పొడిగించునది ముప్పాతికను మ్రింగివేయును. వానిని ఆదిలోనే కొనవలదు. కటకమునందలి కుదుపు నివారకము మన చేతి వణుకును మాన్పును గాని పక్షి కదలికను మాన్పజాలదు. కూర్చున్న పిట్టకు సెకనులో 500వ వంతును, ఎగురు పిట్టకు 2000వ వంతును షట్టరు వేగముగా నుంచుట మంచిది. ముక్కాలిపీటకు బదులు జొన్నలు పోసి కుట్టిన చిన్న సంచిని గట్టుపై నుంచి, దానిమీద కటకము నానించినచో చక్కగా నిలుచును. మధ్యాహ్నమున నేలనుండి లేచు ఎండమావులు ఎంతటి కటకమును గాని పనికిమాలినదానిగా చేయును. కావున ఉదయమున రెండు గంటలు పని చేసి యింటికి పోవలెను. వాడిన కటకమును కొనునపుడు దీపమున కెదురుగా పట్టి లోపల బూజు తీగలున్నవేమో చూడవలెను. కోస్తా చెమ్మగాలికి కటకములు త్వరగా బూజు పట్టును. కొన్న పిమ్మట గాలి చొరని డబ్బాలో తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములతో నుంచుట శ్రేయము.

పెద్దలారా! మీలో కెమెరా కొనువారు కొందఱే యుందురు. ఐనను ఈ ప్రసంగము మీ యందఱకును పనికివచ్చునని నా నమ్మకము. గుంటూరు చేరువనున్న ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్లపైనను, శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో ఊరి నడుమనున్న చెట్లపైనను, గూడకొంగలును ఎఱ్ఱకాళ్ల కొంగలును పిల్లలను పెంచుకొనుచున్నవి. ఊరివారి దయయే వానికి కోట. అట్టి యూళ్లకు నేడు కెమెరాలు ధరించినవారు బండ్లలో వచ్చుచున్నారు. వారిని ఎంతవరకు రానీయవలెనో నిర్ణయించువారు మీరే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గ్రుడ్లను, గూళ్లను కదల్చుటను సైతము వేటగనే పరిగణించినది. అభయారణ్యములలో ఛాయాచిత్రములు తీయుటకు అటవీశాఖ యనుమతి వలయును.

ఊరి చెరువుకడ మీరు చెప్పదగిన నియమ మొక్కటి కలదు. పక్షి తన పని మాని, మెడ నిక్కించి మనవైపు చూచినచో, మనము హద్దు దాటితిమని యర్థము. వెంటనే వెనుకకు తగ్గవలెను. "నా కటకము చిన్నది, ఇంకొంచెము దగ్గరకు పోనిండు" అని యెవ్వరైన బ్రతిమాలినచో, కటకము పొట్టిదైన దోషము గూటిది కాదని చెప్పి పంపుడు. మీ మనుమలెవ్వరైన కెమెరా కొనియిమ్మని యడిగినచో, వారి చేత ముందుగా ఆ త్రైరాశికమును చేయించుడు.

మరుసటి శ్రావణమున మరల ఆ చెరువునకు పోయి, గట్టుమీదనే కూర్చుండి చిత్రములు తీసితిని. ఒకదానిలో తల్లికొంగ పిల్ల నోటికి చేపనందించుచున్నది. ఆ గొఱ్ఱెల కాపరికి దానిని చూపితిని. చాలసేపు చూచి, కటకము వెల యెంతయని యడిగెను. చెప్పితిని. "దూరంగా కూర్చోవటానికి ఇంత ఖరీదా అండీ?" అని నవ్వెను. ఔను, అంతే యని చెప్పితిని. ఆ దినమున ఒక్క కొంగయు గూడు విడువలేదు.