నవలా రచనకు ముందు: ప్రణాళిక, రూపురేఖ

8.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు
• కథకూ ఇతివృత్తానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• కొందరు ప్రసిద్ధ నవలాకారులు ప్రణాళిక వేసుకున్న తీరును తెలుసుకుంటారు.
• ఒక నవలకు మూలవాక్యం, ముగింపు, మలుపులు, అధ్యాయాల పట్టిక తయారుచేసుకోగలుగుతారు.
• ప్రణాళికను ఎప్పుడు, ఎందుకు మార్చుకోవాలో గుర్తించగలుగుతారు.

8.1 పరిచయం

నవల మొదలుపెట్టినవారిలో చాలామంది యాభై అరవై పుటల వరకు ఉత్సాహంగా సాగుతారు. తరువాత కలం ఆగిపోతుంది. తమకు భాష చాలదనో, ప్రతిభ లేదనో అనుకుని కాగితాలు కట్టగట్టి పక్కన పెట్టేస్తారు. చాలాసార్లు అసలు కారణం అది కాదు. ముందు ఏం జరగాలో, ఎందుకు జరగాలో నిర్ణయించుకోకపోవడమే కారణం.

ఇది నా అనుభవం కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక నవల మొదలుపెట్టాను. కరువుకు ఊరు విడిచిన ఒక కుటుంబం కథ అది. మా ఊరి పెద్దలు చెప్పిన సంగతులే దానికి ఆధారం. నూటపది పుటలు రాశాను. ఆ కుటుంబం పట్నం చేరింది. అక్కడ వాళ్ళేం చేయాలో నాకు తోచలేదు. సెలవుల్లో చూద్దామని పక్కన పెట్టాను. పదవీ విరమణ చేశాక ఆ నోటు పుస్తకం తీసి చదివితే లోపం కనబడింది. ప్రతి అధ్యాయంలోనూ వాళ్ళకు ఏదో ఒక కష్టం వస్తుంది, కానీ ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు. ఇప్పుడు దాన్ని సరిచేయడం నాకు తెలుసు. కానీ ఆ సంగతులు చెప్పిన పెద్దలెవరూ ఇప్పుడు లేరు. అడిగి తెలుసుకోవలసినవి ఎన్నో వారితోనే పోయాయి.

దూరవిద్యలో చదువుతున్న మీలో చాలామందికి ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటి బాధ్యతలో ఉంటాయి. వరుసగా నెలరోజులు కూర్చుని రాసే వీలు మీకు ఉండదు. ఆదివారం రాసింది మళ్ళీ మూడు వారాలకు గానీ ముట్టుకోలేరు. ఇలా విరామాలతో రాసేవారికే ప్రణాళిక ఎక్కువ అవసరం. ఎక్కడ ఆపామో, ఎందుకు ఆపామో, తరువాత ఎటు వెళ్ళాలో అది గుర్తుచేస్తుంది.

8.2 కథ, ఇతివృత్తం

ఆంగ్ల నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో వెలువడిన 'ఆస్పెక్ట్స్ ఆఫ్ ది నావెల్' గ్రంథంలో కథకూ ఇతివృత్తానికీ తేడా చూపాడు. సంఘటనలను కాలక్రమంలో చెబితే అది కథ. వాటిని కార్యకారణ సంబంధంతో చెబితే అది ఇతివృత్తం. ఒక ఉదాహరణ చూద్దాం.

(అ) వానలు పడలేదు. రంగయ్య ఎడ్లను అమ్మాడు. అతని కూతురు బడి మానేసింది.

(ఆ) వానలు పడక, అప్పు తీర్చే దారి లేక రంగయ్య ఎడ్లను అమ్మాడు. ఎడ్లు లేక సేద్యం సాగలేదు. అందువల్ల భార్యాభర్తలిద్దరూ కూలికి వలస వెళ్ళారు. ఇంట్లో చంటిపిల్లవాణ్ణి చూసుకునేవారు లేక కూతురు బడి మానేసింది.

మొదటి దానిలో మూడు వార్తలున్నాయి. రెండవ దానిలో ఒకదానికొకటి ముడిపడిన గొలుసు ఉంది. మీ ప్రణాళికను పరీక్షించడానికి తేలికైన మార్గం ఒకటుంది. ప్రతి రెండు సంఘటనల నడుమ 'అందువల్ల' లేదా 'అయినా' అనే మాట పెట్టి చూడండి. పొసిగితే ఆ ముడి గట్టిది. 'ఆ తరువాత' అనే మాట తప్ప మరేదీ పొసగకపోతే అక్కడ మీరింకా ఆలోచించవలసి ఉంది. నేను ఆపేసిన నవలలో అన్నీ 'ఆ తరువాత'లే.

8.3 రచయితల పద్ధతులు

నవలా ప్రణాళికకు ఒకే పద్ధతి అంటూ లేదు. నాలుగు ఉదాహరణలు చూడండి.

ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలా 1871 నుంచి 1893 వరకు ఒకే కుటుంబ శాఖలను గురించి 20 నవలలు వెలువరించాడు. ఆ కుటుంబానికి వంశవృక్షం గీసుకున్నాడు. నవల రాయబోయే ముందు ముసాయిదా, పాత్రల వివరాలు, సేకరించిన సమాచారం ఒక దస్త్రంగా కూర్చుకునేవాడు. గని కార్మికుల జీవితంపై 1885లో వచ్చిన 'జెర్మినల్' కోసం ముందటి ఏడాది సమ్మె జరుగుతున్న ఆంజాఁ గనుల ప్రాంతానికి స్వయంగా వెళ్ళి చూశాడు.

ఛార్లెస్ డికెన్స్ నవలలు నెలనెలా భాగాలుగా వెలువడేవి. 1846లో మొదలైన 'డాంబీ అండ్ సన్' నుంచి ఆయన ప్రతి భాగానికి ఒక కాగితం కేటాయించాడు. దాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు తనకు తానే ప్రశ్నలు వేసుకునేవాడు. ఈ పాత్రను ఇప్పుడే తేవాలా, ఆగాలా అన్నది అలాంటి ప్రశ్న. కుడివైపు అధ్యాయాల పేర్లు, వాటిలోని విషయాలు రాసుకునేవాడు. విరామాలతో రాసే మీకు ఈ పద్ధతి బాగా ఉపయోగపడుతుంది.

రష్యన్ రచయిత దొస్తయేవ్‌స్కీ 'నేరము-శిక్ష' నవలను మొదట హంతకుడే స్వయంగా చెబుతున్నట్లు ఉత్తమ పురుషలో రాయబోయాడు. అది కుదరక, 1865 చివరలో అప్పటికి రాసినదాన్ని తగులబెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. ప్రథమ పురుష కథనంతో ఆ నవల 1866లో వెలువడింది.

మన భాషలో విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' ఇందుకు భిన్నమైన ఉదాహరణ. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడవి బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి బహుమతి పంచుకున్న ఈ బృహన్నవలను ఆయన చెబుతుండగా తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారని సాహిత్యలోకంలో ప్రసిద్ధి. అంతటి ధారణ ఉన్నవారు కాగితంపై పట్టిక లేకుండానే సాగగలరు. మనలో చాలామందికి కాగితమే శరణ్యం.

8.4 ప్రణాళిక తయారీలో ఐదు మెట్లు

నల్లగొండ ప్రాంతంలోని ఒక చేనేత పల్లెను నేపథ్యంగా తీసుకుని ఒక కల్పిత నవలకు ప్రణాళిక వేద్దాం.

8.4.1 మూలవాక్యం: ఎవరికి ఏం కావాలి, దానికి అడ్డు ఏమిటి? ఈ రెంటినీ ఒకే వాక్యంలో చెప్పాలి. 'చేనేత కార్మికుల కష్టాలు' అన్నది విషయం మాత్రమే, మూలవాక్యం కాదు. 'భర్త చనిపోయాక అతని మగ్గాన్నీ అతని బాకీనీ కూడా తలకెత్తుకున్న యాదమ్మ, కొడుకును చదివించి, మగ్గాన్ని నిలుపుకోవాలనుకుంటుంది. రెండూ కలిసి సాధ్యం కావు.' ఇది మూలవాక్యం. ఇందులో ఒక మనిషి ఉంది, ఆమెకొక కోరిక ఉంది, ఆ కోరికలోనే ఘర్షణ ఉంది.

8.4.2 ముగింపు: చివరి సంఘటన ఏమిటన్నదానికంటే చివరి నిర్ణయం ఏమిటన్నది ముఖ్యం. ప్రధాన పాత్ర దేన్ని ఎంచుకుని దేన్ని వదులుకుంటుంది? ఇది తెలిస్తే మధ్యలో రావలసినవి చాలావరకు తెలుస్తాయి. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని'లో ప్రచురణ మొదలైంది. 1887లో వచ్చిన దాని ఆంగ్లానువాదానికి 'ఫార్చ్యూన్స్ వీల్' అని పేరు పెట్టారు. అంటే భాగ్యచక్రం. కలిమి నుంచి లేమికి, లేమి నుంచి మళ్ళీ కలిమికి తిరిగే ఆ నవల రూపురేఖ అంతా ఆ పేరులోనే ఉంది.

8.4.3 మలుపులు: మూలవాక్యం నుంచి ముగింపు వరకు ఐదారు మలుపులు చాలు.

1. బాకీ తీరేవరకు తన పనే చేయాలని మాస్టర్ వీవర్ పట్టుబడతాడు. అందువల్ల ఇంతకాలం కండెలు చుట్టిన యాదమ్మ మగ్గం గుంటలో కూర్చుంటుంది.
2. చేయి తిరగక పని సాగదు, మజూరీ చాలదు. అందువల్ల కొడుకు నరేష్ డిగ్రీ మానేసి సూరత్‌లో పవర్‌లూమ్ పనికి వెళతాడు.
3. అయినా ఆమె మగ్గం వదలదు. అత్త నేర్పిన పాత అంచును తనకు తోచినట్లు మార్చి నేస్తుంది. ఆ చీరలకు గిరాకీ వస్తుంది, బాకీ తగ్గుతుంది.
4. పండుగకు వచ్చిన నరేష్ ఆ చీర ఒకటి తీసుకెళతాడు. యజమాని అడిగితే డిజైను చూపిస్తాడు. అందువల్ల అతని జీతం పెరుగుతుంది.
5. అదే అంచుతో పవర్‌లూమ్ చీరలు సగం ధరకు యాదమ్మ ఊరికే వస్తాయి. అందువల్ల ఆమెకు ఆర్డర్లు ఆగిపోతాయి.
6. నకలు ఎక్కడ తయారవుతోందో తెలిస్తే చెప్పమని అధికారులు ఊళ్ళో విచారిస్తారు. యాదమ్మకు తెలుసు. చెబితే కొడుకు పని పోతుంది. చెప్పకపోతే ఊరి మగ్గాలు ఆగిపోతాయి.

మూడవ, నాలుగవ మలుపులు గమనించండి. అక్కడ కష్టం బయటినుంచి వచ్చిపడలేదు. తల్లి నేర్పూ, కొడుకు నిర్ణయమూ కలిసి తరువాతి కష్టాన్ని తెచ్చాయి. ఇందులో దుర్మార్గుడెవడూ లేడు. అయినా ఘర్షణ ఉంది.

8.4.4 కాలం, స్థలం, దృష్టికోణం: కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' సుందరం అనే బాలుడి అక్షరాభ్యాసం నుంచి ఏళ్ళ తరబడి సాగుతుంది. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో తప్పిపోయిన సుక్కపందిని వెతుక్కుంటూ వెళ్ళిన ముసలివాడికి అడవిలో గడిచే ఒక రాత్రే ప్రధానం. కాలవ్యవధిని బట్టి నవల నడక మారుతుంది. యాదమ్మ కథకు రెండేళ్ళు సరిపోతాయి. ఏ రెండేళ్ళో కూడా నిర్ణయించాలి. అప్పటికి ఊళ్ళో సెల్‌ఫోన్లు ఉంటే తల్లీకొడుకుల మధ్య దూరం ఒక రకంగా ఉంటుంది, లేకపోతే మరో రకంగా ఉంటుంది.

కథ ఎవరి కళ్ళతో చెప్పాలన్నది మరో ప్రశ్న. యాదమ్మ వైపు నుంచే చెబితే, డిజైను సూరత్‌కు ఎలా చేరిందో ఆమెతోపాటే పాఠకుడికీ ఆలస్యంగా తెలుస్తుంది. నరేష్ వైపు నుంచి కూడా చెబితే పాఠకుడికి ముందే తెలిసి, ఆమెకు ఎప్పుడు తెలుస్తుందోనని ఎదురుచూస్తాడు. రెండూ మంచివే. రాయడం మొదలుపెట్టే ముందు ఏదో ఒకటి ఎంచుకోండి.

8.4.5 అధ్యాయాల పట్టిక: ప్రతి అధ్యాయానికి ఒక కాగితం తీసుకోండి. దానిపై ఐదు విషయాలు రాయండి.

అధ్యాయం 14
ఎవరు, ఎక్కడ: యాదమ్మ, పక్క ఊరి సంతలో
ఏం కావాలి: రెండు చీరలు అమ్మి కరెంటు బిల్లు కట్టాలి
అడ్డు: పక్క దుకాణంలో అదే అంచు చీర సగం ధరకు దొరుకుతోంది
మార్పు: నరేష్ తీసుకెళ్ళిన చీర ఆమెకు గుర్తొస్తుంది
తెలుసుకోవలసినవి: చేనేతకు కొన్ని రకాల వస్త్రాలను ప్రత్యేకించిన 1985 నాటి చట్టం, పవర్‌లూమ్ బట్టను చేతితో ఎలా గుర్తుపడతారు

'మార్పు' గడి ఖాళీగా ఉంటే ఆ అధ్యాయం అవసరం లేదని అర్థం. 'తెలుసుకోవలసినవి' గడిని మాత్రం వాయిదా వేయకండి. మగ్గం మీద పనిచేసే పెద్దవాళ్ళ దగ్గరకు ఈ నెలలోనే వెళ్ళండి. రాయడానికి ఆలస్యమైనా పరవాలేదు, అడగడానికి ఆలస్యం చేయకూడదు.

8.5 ప్రణాళికను ఎప్పుడు మార్చాలి?

ప్రణాళిక ముందే వేసుకుంటే రచన యాంత్రికమవుతుందని కొందరి అభిప్రాయం. ప్రణాళికను శాసనంగా భావిస్తే ఆ ప్రమాదం నిజమే. దొస్తయేవ్‌స్కీ ఉదాహరణ అందుకే చూశాం.

యాదమ్మ చివరికి మౌనంగా ఉండిపోతుందని మీరు ముందు అనుకున్నారనుకోండి. కానీ ఆమె రాత్రివేళ ఒంటరిగా కూర్చుని కొత్త అంచును కల్పించే అధ్యాయం రాశాక, తన పనిమీద అంత అభిమానం ఉన్న మనిషి నోరు మూసుకుంటుందా అన్న సందేహం వస్తుంది. అప్పుడు ముగింపు మార్చండి. అయితే మార్పును ముందు పట్టికలో రాయండి. దానివల్ల వెనుకటి అధ్యాయాల్లో ఏవి మారాలో గుర్తుపెట్టండి. ఆ తరువాతే ముందుకు సాగండి.

పాత్ర స్వభావం కోరితే ప్రణాళికను మార్చాలి. రాయడం కష్టంగా ఉందనో, కొత్త ఆలోచన ఆకర్షించిందనో మార్చకూడదు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే వారం ఆగి మళ్ళీ చూడండి.

8.6 సారాంశం

నవలా ప్రణాళిక అంటే సంఘటనల జాబితా కాదు. పాత్రల నిర్ణయాలూ వాటి ఫలితాలూ ఒకదానికొకటి ముడిపడిన గొలుసు అది. మూలవాక్యం, ముగింపు, మలుపులు, కాల-స్థల-దృష్టికోణాలు, అధ్యాయాల పట్టిక అనే ఐదు మెట్లలో దాన్ని తయారుచేసుకోవచ్చు. తక్కువ సమయంలో, విరామాలతో రాసేవారికి అది తిరిగి దారి చూపుతుంది. మీ ఊరి గురించి, మీ వృత్తి గురించి మీకు తెలిసిన సంగతులు గ్రంథాలయంలో దొరకవు. అవి సగంలో ఆగిన నోటు పుస్తకంలో మిగిలిపోకూడదు.

8.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కథకూ ఇతివృత్తానికీ గల భేదాన్ని సొంత ఉదాహరణతో వివరించండి.
2. డికెన్స్ ప్రణాళికా పద్ధతిని తెలిపి, అది ఎవరికి ఎక్కువ ఉపయోగమో చర్చించండి.
3. యాదమ్మ కథలోని ఆరు మలుపుల్లో ఏదైనా ఒకటి తొలగిస్తే మిగిలినవి ఏమవుతాయో పరిశీలించండి.

8.8 అభ్యాసం

మీకు బాగా తెలిసిన ఒక వృత్తిని తీసుకుని ఒక మూలవాక్యం, ఐదు మలుపులు రాయండి. ప్రతి మలుపు మధ్యా 'అందువల్ల' లేదా 'అయినా' పెట్టి చూడండి. తరువాత ఆ వృత్తిలో ఉన్న ఒక పెద్దవారిని కలిసి, మీరు రాసినది చదివి వినిపించండి. వారు 'ఇలా జరగదు' అన్న చోటల్లా గుర్తు పెట్టుకోండి. మీ రెండవ ప్రణాళిక అక్కడి నుంచే మొదలుపెట్టండి.