కార్తికంలో కూడబెట్టిన సరుకు - సంక్రాంతికి అప్పులేని పిండివంట

డిసెంబరు 16 ప్రాంతంలో నెలగంట పెట్టగానే కోనసీమ పల్లెల్లో పిండివంటల మాట మొదలవుతుంది. ఈ ఏడు ఎన్ని కిలోల అరిసెలు వండాలి, కూతురూ అల్లుడూ ఎన్నాళ్లుంటారు, వియ్యాలవారింటికి ఎన్ని పంపాలి అని ఇంటింటా లెక్కలు సాగుతాయి. లెక్క తేలేసరికి పండుగ నాలుగు వారాల్లోకి వచ్చేస్తుంది. బెల్లం, పప్పులు, నూనె, నెయ్యి అన్నీ ఒక్కసారే కొనాలంటే కూలి చేసుకునేవారికీ, కౌలు రైతుకూ కిరాణా కొట్టులో అరువే గతి.

అరువు సరుకులో నష్టం రెండు విధాలు. అరువు అడిగినవారు ధర బేరమాడలేరు, తూకం తక్కువైందని గట్టిగా అనలేరు. పైగా పద్దు రాసేది కొట్టువారే. పండుగ మూడు రోజుల్లో వెళ్లిపోతుంది. బాకీ మాత్రం దాళ్వా కోతల దాకా ఇంటిని వదలదు. సరుకును రెండు నెలల ముందునుంచి కొద్దికొద్దిగా కొనుక్కుంటే ఈ బాధ తప్పుతుంది.

నీచు మానిన డబ్బు

ఇందుకు కార్తికమాసం అనువైన కాలం. చాలా ఇళ్లలో ఈ నెలంతా చేపలు, మాంసం ముట్టరు. వారం వారం వాటికయ్యే ఖర్చు మిగులుతుంది. ఆ డబ్బు పోపుల డబ్బాలో ఉంటే ఏదో ఒక అవసరానికి కరిగిపోతుంది. అదే వారం సరుకుగా మార్చి డబ్బాకెత్తితే పండుగ దాకా నిలుస్తుంది. వారానికి ఒక్క సరుకు కొన్నా చాలు.

ముందుగా ఒక చీటీ రాసుకోవాలి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అరిసెల లెక్క. రెండు కిలోల బియ్యంతో అరిసెలు, కిలో మినపప్పుతో సున్నుండలు చేసుకునే ఇంటికి రెండున్నర కిలోల లోపు బెల్లం సరిపోతుంది. పావుకిలో నువ్వులు, నాలుగు ఏలకులు, జంతికలకూ అరిసెలకూ కలిపి రెండు మూడు ప్యాకెట్ల నూనె చాలు. చీటీ లేకుండా కొట్టుకు వెళితే పొరుగింటివారు కొన్నంతా మనమూ కొంటాం.

ఏది ముందు, ఏది వెనుక?

అన్నీ ముందే కొనడం కూడా తప్పే. దేని కాలం దానికుంది.

మొదట కొనవలసింది మినపప్పు. కృష్ణా, గుంటూరు డెల్టాల్లో వరి కోతల సమయానికి చల్లిన మాగాణి మినుము సంక్రాంతి దాటాకే చేతికొస్తుంది. అంటే పండుగకు కొత్త పప్పు అందదు. పాత నిల్వలమీదే అందరూ పడతారు. కనుక కార్తికంలోనే పప్పు తెచ్చి, రెండు ఎండలు చూపించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయాలి. వేడిమీద మూత పెడితే చెమట పట్టి బూజు వస్తుంది. పైన నాలుగు ఎండుమిరపకాయలో, ఎండిన వేపాకో వేయడం పెద్దల అలవాటు. నువ్వులు, తొక్కతో ఉన్న ఏలకులు కూడా ఈ విడతలోనే కొనవచ్చు.

బెల్లానికి తొందర పడకూడదు. గాలిలో చెమ్మ ఉంటే బెల్లం నీరు కారుతుంది. కార్తికంలో మన తీరానికి వాయుగుండాల బెడద ఉండనే ఉంది. ముసురు వెలిసి చలి నిలిచాక, మార్గశిరంలో కొనడం మేలు. అనకాపల్లి మార్కెట్‌కు అప్పటికి కొత్త బెల్లం వస్తూ ఉంటుంది. తెల్లగా మెరిసే బెల్లానికి మోజుపడనక్కరలేదు. రంగు తేలడానికి మందు కలిపిన బెల్లమూ ఉంటుంది. ముదురు రంగు బెల్లాన్ని చిన్న ముక్క నోట్లో వేసుకుని, ఉప్పదనం లేకపోతే తీసుకోవచ్చు. నాలుగైదు ఇళ్లవారు కలిసి దిమ్మ కొని పంచుకుంటే విడి ధరకన్నా కలిసొస్తుంది. ఇంటికి తెచ్చాక పొడి కుండలో పెట్టి, గుడ్డ వాసెన కట్టి, నేలకు తగలకుండా పీటమీద ఉంచాలి.

కొబ్బరికాయల్ని వలవకుండా ఉంచితే ముదురు కాయ నెలకు పైగా నిలుస్తుంది. శనగపిండి, నెయ్యి మాత్రం చివరి వారంలోనే. పిండి నిల్వ ఉంటే పురుగు పడుతుంది, కమురు వాసన వస్తుంది. పాడి ఉన్నవారు రోజూ కాస్త వెన్న తీసిపెడితే సున్నుండల నెయ్యి ఇంట్లోనే సమకూరుతుంది.

నూనె ధర కొట్టువారి చేతిలో లేదు

దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాలనుంచి రావలసిందే. 2024 సెప్టెంబరు 14న కేంద్రం దిగుమతి సుంకం పెంచగానే దసరా ముంగిట నూనె ధరలు ఎగిశాయి. 2025 మే 30న ముడి నూనెలపై మూల సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారు. ఇలా ఎప్పుడు పెరిగేదీ, ఎప్పుడు తగ్గేదీ పల్లెలో తెలియదు గనుక సగం ముందు, సగం తర్వాత కొనడం క్షేమం.

నూనె విడిగా అమ్మరాదని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలున్నాయి. సీలు ఉన్న ప్యాకెట్టే కొని, తేదీ చూసి, ఎండ తగలనిచోట పెట్టాలి. ప్యాకెట్‌పై బరువు తప్పక చదవాలి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూడటానికి అంతే ఉండి 850 గ్రాములో, అంతకు తక్కువో ఉన్న ప్యాకెట్లూ బజారులో ఉన్నాయి. ధర తక్కువని అవి కొంటే లాభం లేదు.

వండేటప్పుడూ పొదుపు చేయవచ్చు. ముందు జంతికలు వేయించి, ఆ తర్వాతే అరిసెలు వేయాలి. బెల్లం తునకలు మాడి నూనె నల్లబడేది అరిసెలతోనే. చెక్కల మధ్య అరిసె నొక్కినప్పుడు కారే నూనెను గిన్నెలో పట్టుకోవాలి.

చౌక దుకాణం బియ్యం చాలు

అరిసెలకు సన్నబియ్యమే కొననక్కరలేదు. చౌక దుకాణం బియ్యంతో అరిసెలు చక్కగా వస్తాయని చాలామంది గృహిణుల అనుభవం. నవంబరు, డిసెంబరు కోటాలో కిలో చొప్పున తీసిపెడితే రెండు కిలోలు సిద్ధం. నానబోసినప్పుడు కొన్ని గింజలు పైకి తేలితే ప్లాస్టిక్ బియ్యమని భయపడి పారబోయడం కొన్నిచోట్ల జరిగింది. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన బలవర్ధక గింజలు. 2024 మార్చి నాటికి దేశమంతటా చౌక బియ్యంలో వీటిని కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. పిండి పట్టించడానికి వీటితో ఏ ఇబ్బందీ లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరువరాదు. ముందుగా తెచ్చిన సరుకు కంటికెదురుగా ఉంటే పండుగ రాకముందే ఖర్చయిపోతుంది. బెల్లం పిల్లల చేతికి, పప్పు ఇడ్లీ పిండికి పోతుంది. అందుకే పండుగ సరుకు వేరే డబ్బాలో, అటకమీద ఉండాలి. చీటీ డబ్బాలోనే పెట్టి, తెచ్చినప్పుడల్లా గీత కొట్టుకుంటే ఇంకా ఏం కావాలో తెలుస్తుంది.

చీటీ నిండా గీతలు పడేసరికి భోగి వస్తుంది. ఆ ఇంట అరిసెల వాసన పొరుగింటికన్నా ఎక్కువేమీ ఉండదు. కాని ముక్కనుమ మర్నాడు ఉప్పుకోసం కొట్టుకు వెళ్లే ఇల్లాలు పద్దు పుస్తకం వంక చూడనక్కరలేదు.