జీపు గేరుబాక్సు మీద ఉబ్బెత్తు అక్షరాలు

పాత జీపు గేరుబాక్సును కిరసనాయిలుతో కడిగి, ఏళ్ల తరబడి పట్టిన గ్రీజు వదిలించాక దాని గోడల మీద రెండు రకాల గుర్తులు కనిపిస్తాయి. కొన్ని ఉబ్బెత్తుగా, అంచులు మొద్దుబారి ఉంటాయి. కొన్ని లోపలికి దిగి పదునుగా ఉంటాయి. ముందు ఈ తేడా పట్టుకోవాలి. ఉబ్బెత్తువి ఇనుము కరిగి ఉన్నప్పుడే ఏర్పడ్డవి. లోతుగా ఉన్నవి పోత చల్లారాక సుత్తితో పంచ్ కొట్టినవి.

ఆ గుర్తులు చదివే ముందు బండి సంగతి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలపు రన్‌వే ఉంది. జీపూ ఆ యుద్ధం కన్న బండే. 1941-45 మధ్య విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి దాదాపు 6.4 లక్షల జీపులు తయారు చేశాయి. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన బండ్లు కొన్ని మన దేశంలోనే అమ్ముడుపోయాయి. 1947లో మహీంద్రా బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది.

వానాకాలంలో కొల్లేటి లంకల మట్టిదారులు చూసినవాళ్లకు ఈ బండి విలువ వేరే చెప్పక్కర్లేదు. యుద్ధకాలపు విల్లీస్‌లో మొదటి గేరు నిష్పత్తి 2.66, బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరు 1.97, ఇరుసు దగ్గర 4.88. మూడూ గుణిస్తే, ఇంజను పాతిక చుట్లకు పైగా తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం అంత తగ్గి బలం అంత పెరుగుతుంది. ఆ బలానికి పగలకుండా గేర్లను పట్టి ఉంచేది పోత ఇనుప పెట్టె.

ఆ పెట్టెను పోయడానికి ముందు చెక్కతోనో లోహంతోనో నమూనా చేస్తారు. చల్లారేటప్పుడు ఇనుము నూటికి ఒక వంతు కుంచించుకుపోతుంది కాబట్టి నమూనాను ఆ మేరకు పెద్దది చేస్తారు. దాన్ని ఇసుకలో అదిమి తీసి, ఆ ఖాళీలో సుమారు 1,400 డిగ్రీల వేడి ఇనుము పోస్తారు. తేదీ చెప్పే చిన్న రేకు ఆ నమూనాకే స్క్రూలతో బిగించి ఉంటుంది. తేదీ మారితే రేకు మార్చాలి. రేకు మీది అక్షరం ఇసుకలో గుంట చేస్తే, ఇనుము ఆ గుంట నింపి మళ్లీ అక్షరమవుతుంది. పోతలో గాలి బుడగలో బీటలో బయటపడితే ఏ రోజు పోసిన సరుకో వెతికి పక్కన పెట్టడానికి ఈ ఏర్పాటు. మనకు చరిత్ర చెప్పాలని ఆ కార్మికులు అనుకోలేదు, అందుకే ఈ గుర్తుల మీద నాకు నమ్మకం ఎక్కువ.

చదివే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. షెవర్లే పోతల్లో ఎ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. 'సి 12 5' అని ఉంటే మార్చి 12, ఏడాదిలో చివరి అంకె 5. ఫోర్డ్ ఏడాదిని ముందు పెట్టి అదే రోజును '5 సి 12' అని రాస్తుంది. పైగా ఫోర్డ్ వరసలో 'ఐ' ఉండదు, ఒకటి అంకెతో పొరపాటు పడతారని. దాంతో 'జె' షెవర్లే మీద అక్టోబరు, ఫోర్డ్ మీద సెప్టెంబరు. ఇక ఆ 5 అన్నది 1955 కావచ్చు, 1965 కావచ్చు. దశాబ్దం తేలాలంటే పక్కనే ఉండే పోత నంబరు చూడాలి.

పోత తేదీ ముందు, బిగింపు తేదీ తర్వాత, బండి తేదీ ఆ తర్వాత. బండి తేదీ కంటే పెట్టె తేదీ తర్వాతిదైతే అది మార్చిన పెట్టె. విదేశాల్లో పాతబండ్లు సేకరించేవాళ్లు అలాంటి బండికి ధర తగ్గిస్తారు. నేను మాత్రం తగ్గించను. అసలు కొత్త జీపులో కూడా భాగాలు ఒకచోట పుట్టలేదు. గేరుబాక్సు అమెరికాలోని మన్సీ పట్టణపు వార్నర్ గేర్ కంపెనీ రూపొందించినది, ట్రాన్స్‌ఫర్ కేసు స్పైసర్‌ది. ఫోర్డ్ చేసిన జీపుల్లో బోల్టు తలల మీద సైతం 'ఎఫ్' అక్షరం కొట్టి ఉండేది. విల్లీస్ బండిలో ఎఫ్ బోల్టు దొరికితే, ఎక్కడో ఒక మెకానిక్ రెండు బండ్లను కలిపి ఒకదాన్ని బతికించాడన్న మాట. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల జరిగే పని అదే.

గుర్తులు చదవాలనుకునేవాళ్లు గ్రైండరు పెట్టకండి. తీగ బ్రష్షుతో మెల్లగా రుద్ది, సుద్దముక్క అడ్డంగా రాసి, టార్చిని పక్కవాటుగా పట్టండి. రంగు వేయించే ముందు ఫొటో తీసుకోండి. దట్టంగా రంగు కొడితే ముందు పూడిపోయేవి ఈ అంకెలే.