పండుటాకుల సంరక్షణకు లెక్కలెందుకు?

ప్రతి నెలా చివరి పనిదినాన మన కార్యాలయాలలోను, కర్మాగార విభాగాలలోను పదవీ విరమణ సభలు జరగటం పరిపాటి. శాలువా కప్పుతాము, పూలదండ వేస్తాము, జ్ఞాపికను అందజేస్తాము. "మీ శేషజీవితం సుఖశాంతులతో గడవాలి" అని మనసారా కోరుకుంటాము. సభ ముగిసిన తరువాత ఆ శేషజీవితం ఎక్కడ, ఎవరి మధ్య, ఎవరి చేతుల మీదుగా గడుస్తుందన్న ప్రశ్న మాత్రం ఆ కుటుంబానికే మిగిలిపోతుంది. క్వార్టరు ఖాళీ చేయాలి. పిల్లలు దూర దేశాలలో ఉంటారు. దగ్గర ఉన్నా కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగస్థులే అవుతారు. ఉదయపు షిఫ్టుకు ఒకరు, ఆఫీసుకు మరొకరు బయలుదేరిన పిమ్మట ఇంట్లో మిగిలిన వృద్ధురాలికి మధ్యాహ్నం మాత్ర అందించేది ఎవరు? స్నానాల గదిలో కాలు జారితే పలికేది ఎవరు?

ఇది ఒక్కొక్క ఇంటి సమస్యగా కనబడుతున్నప్పటికీ, ఇటువంటి ఇళ్ళు లక్షల సంఖ్యలో ఉన్నప్పుడు అది ప్రభుత్వం ఆలోచించవలసిన విషయమవుతుంది. ప్రభుత్వం ఆలోచించాలంటే ముందుగా దానికి లెక్క తెలియాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఎంతమందికి ఏ సహాయం కావాలో, దానిని అందించే సంస్థలు ఎన్ని ఉన్నాయో అడిగి తెలుసుకోనిదే ఏ ప్రణాళిక అయినా ఊహ మీద కట్టిన మేడే అవుతుంది. వృద్ధుల దీర్ఘకాలిక సంరక్షణ విషయంలో ఈ అడిగే పనిని ఒక పద్ధతి ప్రకారం చేపట్టిన దేశాలలో అమెరికా ఒకటి. మన ఉద్యోగుల పిల్లలు ఎందరో అక్కడ స్థిరపడ్డారు, తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్ళినవారూ ఉన్నారు. కనుక అక్కడి సర్వేల తీరును పాఠకులకు పరిచయం చేయటం సముచితమని మేము భావించాము.

ఐదు వాకిళ్ళు

ముందుగా ఒక మాటను వివరించుకోవాలి. మన ఊళ్ళలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. సొంతంగా లేవలేని, తినలేని, నిరంతర నర్సింగ్ సేవ అవసరమైనవారు నెలలు, సంవత్సరాల తరబడి నివసించే చోటును అక్కడ నర్సింగ్ హోమ్ అంటారు. అంతటి అవసరం లేకపోయినా, ఒంటరిగా ఉండలేనివారు అసిస్టెడ్ లివింగ్ అనే నివాస గృహాలలో ఉంటారు. ఇంటికే వచ్చి నర్సులు, సహాయకులు సేవలందించే సంస్థలు మూడవ రకం. అంతిమ దశలో ఉన్న రోగికి బాధా నివారణను, ఊరటను ప్రధానంగా అందించే హాస్పిస్‌లు నాలుగవ రకం.

ఐదవది పగటి సంరక్షణ కేంద్రం. ఉదయం వాహనం వచ్చి పెద్దవారిని తీసుకువెళుతుంది. అక్కడ భోజనం, మందులు, వ్యాయామం, కబుర్లు అన్నీ సమకూరుతాయి. సాయంత్రానికి మళ్ళీ తమ ఇంటికే, తమ వారి మధ్యకే చేరుకుంటారు. శాన్ ఫ్రాన్సిస్కో నగరపు చైనాటౌన్ ప్రాంతంలో 1971లో పుట్టిన ఆన్ లోక్ అనే సంస్థ ఈ తరహా సేవకు మార్గదర్శకమయింది. వృద్ధులను నర్సింగ్ హోమ్‌కు పంపటానికి ఇష్టపడని వలస కుటుంబాల కోసం ఆరంభమైన ఆ ప్రయత్నమే, 1997లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టంతో మెడికేర్‌లో శాశ్వత స్థానం పొందిన ఒక పథకానికి మాతృక అయింది. నేడు న్యూజెర్సీ వంటి రాష్ట్రాలలో భారతీయ వృద్ధులు ఎక్కువగా వచ్చే పగటి కేంద్రాలు కూడా ఉన్నాయి. అక్కడ శాకాహార భోజనం, మనవారి పండుగలు, మాతృభాషలో మాట్లాడే తోడు లభిస్తాయి.

ముక్కల లెక్క ఒక చోటికి

అమెరికాలో ఆరోగ్య గణాంకాలను సేకరించే జాతీయ కేంద్రం 1960లో ఏర్పడింది. నర్సింగ్ హోమ్‌ల జాతీయ సర్వేను అది మొదటిసారి 1973-74లో నిర్వహించింది. 2004 వరకు ఆ సర్వే మొత్తం ఏడు పర్యాయాలు జరిగింది. ఇంటి వద్ద సేవలు, హాస్పిస్‌ల కోసం 1992 నుంచి వేరొక సర్వే నడిచింది. నివాస గృహాల కోసం 2010లో ఇంకొకటి జరిగింది. అయితే ఒక్కొక్క సర్వే ఒక్కొక్క సంవత్సరంలో, ఒక్కొక్క విధంగా జరగటం వలన వాటిని పక్కపక్కన పెట్టి పోల్చటం సాధ్యం కాలేదు. నర్సింగ్ హోమ్‌లలో పడకలు తగ్గితే ఆ వృద్ధులు పగటి కేంద్రాలకు వెళుతున్నారా, ఇళ్ళలోనే ఉంటున్నారా అన్నది తెలియలేదు.

ఈ లోపాన్ని సరిదిద్దటానికి 2012లో ఐదు రకాల సంస్థలనూ ఒకే గొడుగు కిందకు తెచ్చి, సుమారు రెండేళ్ళకొకసారి జరిగే జాతీయ అధ్యయనాన్ని ఆరంభించారు. 2020 విడత నుంచి దాని పరిధిలో ఆసుపత్రి అనంతర చికిత్సా సంస్థలను కూడా చేర్చి, పేరును మార్చారు.

ఇందులో మనం గమనించదగిన పొదుపు ఒకటి ఉంది. నర్సింగ్ హోమ్‌లు, ఇంటి సేవల సంస్థలు, హాస్పిస్‌లు ప్రభుత్వ బీమా నుంచి సొమ్ము పొందుతున్నందున వాటి వివరాలు అప్పటికే ప్రభుత్వ దస్త్రాలలో ఉన్నాయి. వారిని మళ్ళీ అడిగి విసిగించలేదు. ఏ కేంద్ర దస్త్రంలోనూ సమగ్రంగా లేని పగటి కేంద్రాలను, నివాస గృహాలను మాత్రమే ప్రశ్నావళితో పలకరించారు. టపా ద్వారా, ఇంటర్‌నెట్ ద్వారా, అవసరమైతే టెలిఫోను ద్వారా సమాధానాలు రాబట్టారు. సమాధానమివ్వటం ఐచ్ఛికం. ఇచ్చిన సంస్థ వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యత చట్టరీత్యా ప్రభుత్వానిది.

ప్రశ్నావళిలో ఏముంది?

ఆ ప్రశ్నలు చాలా సాదాగా ఉంటాయి. మీ వద్ద నమోదైనవారు ఎందరు? రోజూ సగటున ఎందరు వస్తారు? వారిలో 65 ఏళ్ళు దాటినవారు ఎందరు? మతిమరుపు వ్యాధి ఉన్నవారెందరు? స్నానానికి, దుస్తులు ధరించటానికి, తినటానికి, మరుగుదొడ్డికి వెళ్ళటానికి, మంచం మీద నుంచి కుర్చీలోకి మారటానికి సహాయం కావలసినవారెందరు? అర్హత గల నర్సులు ఎందరు, సహాయకులు ఎందరు? కింద పడినవారు, అత్యవసర విభాగానికి తరలింపబడినవారు ఎందరు?

ఒక మనిషి గౌరవంగా జీవించటానికి ఏమేమి కావాలో ఈ ప్రశ్నల వరుసను చూస్తేనే తెలుస్తుంది. భవనం ఎన్ని అంతస్తులు, ముందు తోట ఎంత అందంగా ఉంది అన్న ఆరాకు ఇందులో ప్రాధాన్యం లేదు. చేయి అందించే మనిషి ఉన్నాడా లేడా అన్నదే ముఖ్యం.

అంకెలు చెప్పిన సంగతులు

2016 నాటి అధ్యయనం ప్రకారం ఆ దేశంలో ఐదు రకాలూ కలిపి సుమారు 65,600 సంస్థలు 83 లక్షల మందికి పైగా సేవలందించాయి. వాటిలో నివాస గృహాలు 28,900, నర్సింగ్ హోమ్‌లు 15,600, ఇంటి సేవల సంస్థలు 12,200, పగటి కేంద్రాలు 4,600, హాస్పిస్‌లు 4,300. పగటి కేంద్రాలలో నమోదైనవారు సుమారు 2 లక్షల 86 వేల మంది. నర్సింగ్ హోమ్‌లలో నివసిస్తున్నవారు దాదాపు 13 లక్షల 48 వేల మంది.

పగటి కేంద్రాలకు వచ్చేవారంతా కాలక్షేపం కోసం వచ్చేవారేనన్న అభిప్రాయాన్ని ఈ లెక్కలు తుడిచివేశాయి. వారిలో నూటికి 30 మందికి పైగా మతిమరుపు వ్యాధితో ఉన్నవారే. నర్సింగ్ హోమ్‌లలో ఈ సంఖ్య నూటికి 48 వరకు ఉంది. అంటే తీవ్రమైన అవసరం ఉన్నవారిని సైతం పగటి తోడు ఉంటే ఇంట్లోనే ఉంచుకోగలుగుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయన్నమాట. లాభాపేక్షతో నడిచేవి నివాస గృహాలలో 80 శాతం పైగా ఉండగా, పగటి కేంద్రాలలో సగం కన్నా తక్కువని కూడా తేలింది.

తనిఖీ అనే మరొక సర్వే

అమెరికాలో సర్వే అన్న మాటకు ఈ రంగంలో మరొక అర్థం కూడా ఉంది. నర్సింగ్ హోమ్‌లలో నిర్లక్ష్యం, మంచాలకు కట్టివేయటం వంటి దుస్థితిపై 1986లో వెలువడిన ఒక అధ్యయన నివేదిక ఆ దేశాన్ని కదిలించింది. ఫలితంగా 1987లో సంస్కరణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ముందుగా కబురు చేయకుండా తనిఖీ బృందం ప్రతి నర్సింగ్ హోమ్‌ను గరిష్ఠంగా 15 నెలలలోపు ఒకసారి దర్శించి తీరాలి. ఈ తనిఖీనే అక్కడ సర్వే అంటారు. తనిఖీ బృందం యాజమాన్యంతోనే కాక అక్కడ నివసించే వృద్ధులతో కూడా మాట్లాడుతుంది. 1998 నుంచి ఈ వివరాలను ప్రజలందరూ చూసే వీలు కలిగింది. 2008లో నక్షత్రాల గుర్తులతో శ్రేణులు ఇవ్వటం ఆరంభమయింది.

లెక్కించే సర్వే దేశానికి దారి చూపితే, తనిఖీ చేసే సర్వే ఒక్కొక్క వృద్ధునికి రక్షణ కల్పిస్తుంది. ఏ ఒక్కటీ రెండవదానికి బదులు కాజాలదు.

ఇంతటి ఏర్పాటులోనూ లొసుగులు లేకపోలేదు. 2020లో కోవిడ్ విజృంభించినప్పుడు ఏ నర్సింగ్ హోమ్‌లో ఎందరు సోకి మరణించారో కేంద్ర ప్రభుత్వానికి తెలిపే నిబంధన తొలి మాసాలలో లేదు. మే నెలలో గాని ఆ ఆదేశం రాలేదు. అదీ రాష్ట్రాల అదుపులోనే ఉన్న అసిస్టెడ్ లివింగ్ గృహాలకు వర్తించలేదు. దీర్ఘకాలిక సంరక్షణ సంస్థలలోని నివాసులు, సిబ్బంది మరణాలు 2022 ఆరంభానికి 2 లక్షలు దాటాయని అంచనా. లెక్క ఆలస్యమైన చోట సహాయమూ ఆలస్యమవుతుందన్నది ఆ దేశం నేర్చుకున్న చేదు పాఠం.

మన ఇంటి సంగతి

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు నిండినవారు 10 కోట్ల 38 లక్షల మంది. వృద్ధుల జాతీయ విధానం 1999లో వచ్చింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి సరిపడే ఆశ్రమాలు ఉండాలన్న సంకల్పం ఆ చట్టంలో ఉంది. కేరళలో స్థానిక సంస్థలు 'పకల్ వీడు' పేరిట పగటి ఇళ్ళను నడుపుతున్నాయి.

సర్వేల విషయంలోనూ మనం వెనుకబడిలేము. 2017-18లో జరిగిన లాసీ అధ్యయనంలో 45 ఏళ్ళు దాటినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా వివరాలను సేకరించారు. 60 దాటినవారిలో సుమారు నాలుగవ వంతు మందికి స్నానం, నడక, భోజనం వంటి దైనందిన పనులలో ఏదో ఒకదానికి ఇబ్బంది ఉన్నదని అది తెలిపింది. దానికి అనుబంధంగా జరిగిన పరిశీలన ఆధారంగా దేశంలో సుమారు 88 లక్షల మంది వృద్ధులకు మతిమరుపు వ్యాధి ఉన్నదని 2023లో అంచనా వేశారు.

అయితే లాసీ తలుపు తట్టినవి ఇళ్ళను మాత్రమే. వృద్ధాశ్రమాల తలుపులు, పగటి కేంద్రాల తలుపులు, ఇళ్ళకు ఆయాలను పంపే ఏజెన్సీల తలుపులు కూడా అదే శ్రద్ధతో, క్రమం తప్పకుండా తట్టే జాతీయ సర్వే మనకూ ఉండాలి. సంరక్షణ గృహాలను, ఇంటి సేవల ఏజెన్సీలను నమోదు చేయాలన్న ప్రతిపాదన 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లులో ఉండేది. ఆ బిల్లు చట్టరూపం దాల్చలేదు.

మనం చేయగలిగినది

ప్రభుత్వం అడిగేదాకా మనం ఆగవలసిన పని లేదు. ఆ ప్రశ్నావళినే మన ఇంటి అవసరానికి వాడుకోవచ్చు. తల్లినో తండ్రినో ఏదైనా కేంద్రంలో చేర్పించదలచినవారు గోడల రంగు చూసి తిరిగిరాకూడదు. పగలు ఎందరు సహాయకులు, రాత్రి ఎందరు, వారిలో శిక్షణ పొందినవారెవరు, గడచిన సంవత్సరంలో ఎందరు కింద పడ్డారు, అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరుస్తారు అని అడగాలి. చెప్పకుండా మరొక రోజు వెళ్ళి భోజన సమయంలో చూడాలి. అక్కడ ఉంటున్న పెద్దలతో మాట్లాడాలి. ఇబ్బందులలో ఉన్న వృద్ధులకు 14567 అనే ఉచిత సహాయవాణి ఉన్నదన్న సంగతిని ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి.

మన టౌన్‌షిప్‌లో పగటిపూట ఒంటరిగా ఉంటున్న పెద్దలు ఎందరు? వారిలో మందులకు తోడు కావలసినవారెందరు? ఉద్యోగుల సంఘాలు, మహిళా సమితి కలిసి ఒక ఆదివారం ఇంటింటికీ వెళ్ళి అడిగితే ఈ లెక్క తేలుతుంది. లెక్క చేతికి వచ్చిన తరువాత కమ్యూనిటీ హాలులో ఒక గదిని, ఒక నర్సును, ఒక పూట భోజనాన్ని కోరటానికి మనకు ఆధారం దొరుకుతుంది. ఊరకే కష్టం చెప్పుకుంటే యాజమాన్యం సానుభూతి చూపవచ్చు. అంకెలతో వెళితే దానికి జవాబు చెప్పవలసి వస్తుంది.

ఈ కర్మాగారపు తొలి రోజులలో పనిచేసినవారే నేడు ఆ ఇళ్ళలో కిటికీల దగ్గర కూర్చుని ఉన్నారు. పని చేసినన్నాళ్ళు ప్రతి ఉదయం వారి హాజరు వేసుకున్నాము. ఇప్పుడు కూడా ఒకసారి వారి హాజరు తీసుకుందామని పాఠకులకు మా మనవి.