బిగుసుకున్న బేరింగు వేడికి ఎందుకు లొంగుతుంది?

ఆర్మూరు పల్లెల్లో ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములకు తిరిగే డ్రమ్ములో మెరుగు పెడతారు. ఆ డ్రమ్ము ఇరుసుకు ఆధారం బేరింగులే. మీ రిమోట్ కారు గేర్లకూ అవే ఆధారం. దుమ్ము, తడి, తుప్పు చేరితే రెండుచోట్లా బేరింగు తాను కూర్చునే గూటిలో బిగుసుకుంటుంది. గేరు తీసి కొత్తది వేయాలంటే బేరింగు ఊడిరావాలి. సుత్తితో కొడితే రాదా? రావచ్చు. కానీ లోపలి రింగు మీద పడిన దెబ్బ, మధ్యనున్న గుండ్ల గుండానే బయటి రింగుకు చేరుతుంది. గుండు రింగును తాకేది సూదిమొనంత చోట. బలమంతా అక్కడే పడి గుంటలు ఏర్పడతాయి. ఆ బేరింగు మళ్లీ నున్నగా తిరగదు.

గూడు అల్యూమినియందైతే వేడి చేయడమే మేలు. లోహం ఉబ్బితే రంధ్రం ఇంకా మూసుకుపోదా అని మీకు అనిపించవచ్చు. ఎడ్లబండి చక్రాన్ని గుర్తు తెచ్చుకోండి: కమ్మరి ఇనుప పట్టాను కాల్చితే దాని వలయమే పెద్దదై చక్రానికి ఎక్కుతుంది, చల్లారాక బిగుస్తుంది. రంధ్రమూ అంతే. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, రెండూ 80 డిగ్రీల మేర వేడెక్కినా 10 మిల్లీమీటర్ల గూటిలో సుమారు 0.009 మిల్లీమీటర్ల వెసులుబాటు వస్తుంది. ఇంత తక్కువా అనకండి, బిగువు కూడా మైక్రాన్లలోనే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లోనే ఉంటుంది. పెద్దల సాయంతో వేడిగాలి పట్టి, గూటిని చెక్క మీద మెల్లగా తట్టాలి. ప్లాస్టిక్ గూటికి మాత్రం ఇది వద్దు, మెత్తబడి వంకరపోతుంది. బేరింగు ఇరుసుకే పట్టేస్తే లోపలి రింగును పట్టి లాగాలి.