కోరౌటీనును మొదలిడు మార్గములు

ఆత్మకూరు రైతొకడు చేతిఫోనులో యాప్ తెరచి సోమశిల జలాశయపు నీటిమట్టమును, నెల్లూరు ధాన్యపు ధరను ఒక్కమారే చూడగోరినాడనుకొందము. ఆ రెండును దూరపు సర్వర్లనుండి వచ్చులోపల తెర బిగుసుకొనిపోక వ్రేలిమాట వినుచుండుటకు ప్రోగ్రామర్లు కోరౌటీన్లను వాడుదురు. నడుమ ఆగి, తావు నితరులకిచ్చి, ఆగినచోటినుండియే మరల సాగగల ప్రోగ్రాము భాగమే కోరౌటీను. మెల్విన్ కాన్వే 1958లో దానికీ పేరు పెట్టి, 1963 నాటి వ్యాసమున వివరించెను. ఆండ్రాయిడు యాప్‌లకు విరివిగా వాడు కాట్లిన్ భాషలో ఇది 2018లో స్థిరరూపము దాల్చినది.

చిక్కంతయు దానిని మొదలిడు పద్ధతి నెన్నుకొనుటయందే యున్నది. కాట్లిన్‌లో లాంచ్, అసింక్, రన్‌బ్లాకింగ్ అనునవి అట్టి పద్ధతులు; అంగడి పోలికతో చూతము. దుకాణదారు కుర్రవానిని ఉత్తరము డబ్బాలో వేసి రమ్మనుట లాంచ్. వాడు తెచ్చి యిచ్చునదేమియు లేదు. ఉదయగిరి పోయి కొయ్యగరిటెలు తెమ్మనుట అసింక్. సరకు చేతికి రావలెను గనుక, కావలసినపుడు అవెయిట్ అని అడుగవలెను. వాడు వచ్చువరకు బేరము మాని గుమ్మమున కూర్చుండుట రన్‌బ్లాకింగ్.

క్రొత్తవారు అసింక్ అను పేరు చూచి మురిసి, నీటిమట్టమునకై అసింక్ పలికి వెంటనే అవెయిట్ చేసి, పిమ్మట ధరకై అదే తంతు నడుపుదురు. మొదటిది 2 సెకన్లు, రెండవది 3 సెకన్లు పట్టినచో మొత్తము 5 సెకన్లే యగును; ఇంత యాడంబరమేల? రెంటిని ముందు మొదలిడి, తరువాత రెంటికై వేచినచో ఇంచుమించు 3 సెకన్లలో పని ముగియును. ఒక్క ఫలితమే కావలసినచోట అసింక్ వలదు, నేరుగా పిలుచుటయే మేలు.

దోషము పుట్టినప్పటి నడవడి మరింత విచారింపదగినది. లాంచ్‌లో పుట్టిన దోషము, అచ్చటనే పట్టుకొననిచో, వెంటనే పైకి పొక్కును. తల్లి కోరౌటీను లేకుండ స్వతంత్రముగా మొదలైన అసింకో, అవెయిట్ అని అడుగువరకు దానిని కడుపులో దాచుకొనును. అడుగ మరచినచో ఆ దోషము మరుగుననే పడియుండును. ఇక పని యాయుర్దాయమును నిర్ణయించు హద్దు స్కోప్. యాప్ నడచునంతవరకు నిలుచు గ్లోబల్‌స్కోప్‌లో మొదలిడిన పని, రైతు ఆ తెరను విడిచిపోయినను, ఆపు దిక్కు లేక బ్యాటరీని తినుచుండును. కావున తెర యాయుర్దాయముతో ముడిపడిన స్కోప్‌లోనే పనిని మొదలిడుట వివేకము.

రన్‌బ్లాకింగును పరీక్షలకును, మెయిన్ ఫంక్షనునకును విడిచిపెట్టుడు. తెరను నడుపు ఆండ్రాయిడు ప్రధాన థ్రెడ్డుపై దానిని వాడుట నా దృష్టిలో అపరాధమే. తెరను తాకిన పిదప 5 సెకన్లలో స్పందన రానిచో, యాప్ పలుకుట లేదని ఆండ్రాయిడే ప్రకటించి, మూసివేయుదురా యని వాడుకరి నడుగును.