మనిషి గుణమును కొలుచుట ఎట్లు?

తిరుమల కొండపై దర్శనమునకు వరుసలో నిలిచిన వారిని ఒక గడియసేపు పరికించిన చాలును. ఒకరు ప్రక్కవారి ఊరు, పేరు అడిగి పరిచయము చేసికొందురు. ఒకరు కన్నులు మూసికొని మౌనముగా నుందురు. ఒకరు వరుస కదలలేదని విసుగుకొందురు. వేరొకరు పసిబిడ్డతో వచ్చిన తల్లికి చోటిచ్చి తాము వెనుకకు జరుగుదురు. మనము వెంటనే ‘కలుపుగోలు మనిషి’, ‘ముభావి’, ‘ముక్కోపి’, ‘నెమ్మదస్తుడు’ అని పేర్లు పెట్టుదుము. ఆ పేర్లలో నిజమెంత? మనిషిలో నిలకడగా నుండు లక్షణములు కలవా? కలవేని వానిని కొలువవచ్చునా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకిన కథయే మనస్తత్వశాస్త్రములోని లక్షణ సిద్ధాంత చరిత్ర.

ఈ కుతూహలము క్రొత్తది కాదు. అరిస్టాటిల్ శిష్యుడైన థియోఫ్రాస్టస్ ముప్పది రకముల మనుషులను వర్ణించెను. మన పెద్దలు సత్త్వ రజస్తమోగుణములు ప్రతివానిలోను వేరు వేరు పాళ్లలో నుండునని చెప్పిరి. లక్షణ సిద్ధాంతమునకును ఈ ‘పాళ్లు’ అను భావమే ప్రాణము. మనుషులను రకములుగా విడదీసి వేరు వేరు గదులలో నుంచుట దాని పని కాదు. ఒక్కొక్క లక్షణము ఒక్కొక్కరిలో ఎంత కలదని అది విచారించును.

కొలుచుటకు ముందు లక్షణముల పట్టిక కావలెను. అది ఎచ్చట దొరకును? జనుల భాషలోనే దొరకునని ఫ్రాన్సిస్ గాల్టన్ 1884లో సూచించెను. జీవితములో ముఖ్యమైన భేదమునకు ఏదో యొక మాట పుట్టక మానదని దీని తాత్పర్యము. 1936లో ఆల్‌పోర్టు, ఆడ్‌బర్టు అను అమెరికా పండితులు ఒక మహా నిఘంటువును గాలించి, మనిషి తీరును తెలుపు మాటలు సుమారు 18,000 ఏరిరి. వానిలో నిలకడగల లక్షణములను తెలుపునవి 4,504 అని లెక్కించిరి. రాయలసీమలో పనిచేసిన బ్రౌను దొర 1852లో వెలువరించిన తెలుగు నిఘంటువును తెరచినచో మనకును ఇట్టి గని కనబడును.

అయితే వేలకొలది మాటలతో కొలత సాగదు. మాటకారి యైనవాడు తరచుగా కలుపుగోలు మనిషియు అగుచున్నాడన్నచో, ఆ రెండు మాటల వెనుక ఒకే మూలము ఉండవచ్చును. ఇట్టి మూలములను గణితముచే వెలికితీయు కారక విశ్లేషణమునకు స్పియర్‌మన్ 1904లో పునాది వేసెను. ఆయన శిష్యులలో ఒకరైన గోపాలస్వామిగారు మైసూరు విశ్వవిద్యాలయములో మనస్తత్వశాస్త్రాచార్యులైరి. 1935లో ఆయన మైసూరులో తమ యింటనే నెలకొల్పిన రేడియో నిలయము ‘ఆకాశవాణి’ అను పేరుతో నడచినది. ఆ పేరే అనంతరము దేశమంతటి రేడియోకు వచ్చినది.

ఆ కారక విశ్లేషణముతోనే క్యాటెల్ 1949లో పదునారు లక్షణముల పరీక్షను ప్రకటించెను. ఐసెంక్ 1947లో రెండే ప్రధానమనెను. 1961లో ట్యూప్స్, క్రిస్టల్ అనువారు ఐదింటిని చూపిరి. నేడు పండితులలో పెక్కురు అంగీకరించునవి ఆ ఐదే: బహిర్ముఖత్వము, సౌమనస్యము, కర్తవ్యనిష్ఠ, ఉద్వేగ చాంచల్యము, క్రొత్త అనుభవములయెడ సుముఖత. 2004లో ముప్పదియారు సంస్కృతుల వారిని పోల్చిన పరిశోధనలో తెలుగువారికిని ప్రత్యేక స్థానము లభించినది. కాని ఇంగ్లీషు మాటలనుండి పుట్టిన ప్రశ్నలను ఇతరులకు వేయుట ఒకటి. ఒక భాష సొంత మాటలనుండి బయలుదేరుట వేరొకటి. 2013లో హిందీ మాటలనుండి బయలుదేరినవారు త్రిగుణములను తలపించు విభాగమును కనుగొనిరి.

ఇంతలో పెద్ద ఆక్షేపణ వచ్చినది. ఒకచోట నిజాయితీపరుడు వేరొకచోట అట్లే ఉండునను నమ్మకము లేదని, పరీక్షలో కనబడిన లక్షణమునకును ఒకనాటి నడవడికిని పొంతన స్వల్పమని మిషెల్ 1968లో వాదించెను. సిద్ధాంతము కూలిపోవునని పలువురు తలచిరి. 1979లో ఎప్‌స్టైన్ సమాధానమిచ్చెను: ఒకనాటి నడవడిని విడిచి అనేక దినముల సగటును చూచినచో నిలకడ స్పష్టముగా కనబడును.

చిత్తూరు సీమలో మామిడి తోటలవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఒక యేడు కాపు తగ్గినంత మాత్రమున చెట్టును గొడ్డుదని ఎవరును కొట్టివేయరు. నాలుగైదేండ్ల కాపు చూచిన పిమ్మటనే చెట్టు గుణము చెప్పుదురు. చెట్టునకు మనమిచ్చు ఈ గడువు బిడ్డకు ఇచ్చుచున్నామా? ఒకనాడు పాఠము అప్పజెప్పని బాలుని ‘మొద్దు’ అందుము. ఒకమారు మారాము చేసిన బాలికను ‘మొండిది’ అందుము. ఆ మాట ఇంటిల్లిపాది నోట నాని, కడకు బిడ్డయు దానినే నమ్మును. వయసు వచ్చినకొలది సగటున కర్తవ్యనిష్ఠ పెరుగుననియు, ఉద్వేగ చాంచల్యము తగ్గుననియు నేటి పరిశోధనలు తెలుపుచున్నవి. కనుక పసితనమున వేసిన ముద్ర తుది తీర్పు కానేరదు.

లక్షణము మనిషి మొగ్గునే తెలుపును. అతని నుదుటి వ్రాతను తెలుపదు. మనుషులకు పేర్లు పెట్టుట మనము మానలేము. పెట్టుటకు ముందు మరికొన్ని దినములు చూడవచ్చును గదా!